సమాధానం: మావారి క్లెయిమ్ గురించి వర్జీనియా సెక్రటరీకి రాయొచ్చా?

అమెరికా ఆర్మీలో చేసి వచ్చిన మీవారి డిజబిలిటీ క్లెయిమ్ (సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం అడిగే దరఖాస్తు) తిరస్కరించారని, వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్న వెటరన్స్ (మాజీ సైనికులు) అండ్ డిఫెన్స్ అఫైర్స్ సెక్రటరీకి లెటర్ రాస్తే పని అవుతుందా అని అడిగారు. రాయడంలో తప్పు లేదండీ, కానీ దానివల్ల క్లెయిమ్ కదలదు. ఆయన గవర్నర్ కేబినెట్ సభ్యుడు, మన దగ్గర మంత్రి లాంటి వారు. ఆ పదవికి ఈ పేరు 2014లో వచ్చింది. రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డ్‌ను చూసే మిలిటరీ అఫైర్స్ శాఖ, వెటరన్స్ సర్వీసెస్ శాఖ ఆయన కిందే ఉంటాయి. డిజబిలిటీ డబ్బు మాత్రం ఫెడరల్ వీఏది, అంటే కేంద్ర ప్రభుత్వపు మాజీ సైనికుల శాఖది. అక్కడ ఆయన సంతకం చెల్లదు.

మీకు పనికొచ్చేది ఆ వెటరన్స్ సర్వీసెస్ శాఖే. వాళ్ల బెనిఫిట్స్ ఆఫీసులు రాష్ట్రమంతా ఉన్నాయి. డీడీ 214 (ఆర్మీ నుంచి విడుదలైనట్టు ఇచ్చే కాగితం), తిరస్కరణ లెటర్, మెడికల్ రికార్డులు పట్టుకుని వెళ్లండి. వాళ్లను మీ ప్రతినిధిగా పెట్టుకునే ఫారం 21-22 మీద మీవారు సంతకం పెడితే మీ తరఫున వాళ్లే ఫైల్ నడుపుతారు, పైసా తీసుకోరు. డబ్బడిగే "కన్సల్టెంట్ల" జోలికి మాత్రం వెళ్లకండి.

తిరస్కరణ లెటర్ మీద ఉన్న తేదీ నుంచి ఏడాదిలోపు కదలాలి. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్ వేయండి. లేదు, ఉన్న కాగితాలనే సరిగ్గా చూడలేదనిపిస్తే హయ్యర్ లెవెల్ రివ్యూ (పై అధికారి మళ్లీ చూడడం) అడగండి. రివ్యూలో కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు, కాబట్టి తొందరపడి అది ఎంచుకోకండి.

రేపెప్పుడైనా మీవారికి నూరు శాతం శాశ్వత వైకల్యం ఉందని వీఏ రేటింగ్ ఇస్తే, మీరుంటున్న సొంతింటికి వర్జీనియాలో ప్రాపర్టీ టాక్స్ మినహాయింపు ఉంది. దానికి మీ కౌంటీ ఆఫీసులో విడిగా అప్లై చేయాలి.