ప్రాణానికే పెద్దపీటా?

ప్రశ్న: ‘బతికుంటే బలుసాకు తిని ఉండొచ్చు’ అంటారు. ప్రాణం పోయాక చదువూ మిగలదు, స్వేచ్ఛా మిగలదు. మరి చావును ఆపడమే మనుషులందరి మొదటి పని అంటే తప్పేముంది?

జవాబు: నూనె లేనిదే దీపం వెలగదు. అలాగని నూనె కోసం దీపం పెట్టం కదా! పైగా ‘మొదటి పని’ అన్న మాటలో రెండు అర్థాలున్నాయి. ప్రాణానికి మిగతావాటికన్నా ఎక్కువ విలువ ఇవ్వాలన్నది ఒకటి. దాన్ని ఇంకదేనితోనూ తూచనే కూడదన్నది రెండోది. మొదటిదానితో పేచీ లేదు. రెండోదాన్ని ఇంతవరకు ఎవరూ పాటించలేదు.

రోడ్లనే చూడండి. ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 12 లక్షలమంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. ఢీకొట్టే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి, 20 తో వెళ్లేదానికన్నా ఆరు రెట్ల పైచిలుకు శక్తి ఉంటుంది. ప్రతి బండినీ 20 దాటకుండా కట్టేస్తే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. కానీ ఏ ప్రభుత్వమూ ఆ పని చేయదు, జనమూ అడగరు. పిల్లలు నడిచే వీధికి 30, దూరపు రహదారికి అంతకు మూడింతలు అని ఒప్పుకుంటాం. అంటే తూకం ఎప్పుడూ జరుగుతూనే ఉంది. జరగడం లేదని బుకాయిస్తేనే చిక్కు: అప్పుడది చాటుగా జరిగి, గొంతున్నవాళ్ల రోగాలకే డబ్బు చేరుతుంది.

ప్రశ్న: అంటే ప్రాణానికి వెల కడతారా?

జవాబు: ఫలానా మనిషికని కట్టరు, ముప్పుకి కడతారు. ఒక పథకం వల్ల లక్షమందిలో ప్రతి ఒక్కరికీ చావు ముప్పు లక్షలో ఒక వంతు తగ్గుతుందనుకోండి. లెక్కప్రకారం దక్కేది ఒక ప్రాణం. దానికి తలా 100 రూపాయలు ఇవ్వడానికి జనం సిద్ధపడితే మొత్తం కోటి అవుతుంది. వెల అనేది ఇదే.

చికిత్సలను పోల్చడానికి ‘క్వాలీ’ అనే కొలత ఉంది. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఏడాదికి 1, చావుకి 0. సగం ఆరోగ్యంతో పదేళ్లు బతికితే 5. ఇందులో ఒక పెద్ద లోపముంది. కాళ్లు చచ్చుబడిన మనిషి జీవితానికి 0.6 వేశామంటే, ఆయన్ని బతికించడం వల్ల ‘లాభం’ కూడా తక్కువని తేలుతుంది. ఆ మార్కు ఆరోగ్యవంతులు ఊహించి వేస్తే సాధారణంగా తక్కువ పడుతుంది. ఆ స్థితిలో బతుకుతున్నవాళ్లు తమ జీవితానికి అంతకన్నా ఎక్కువే వేసుకుంటారు. రెండు మందులను పోల్చడానికి ఈ కొలత పనికొస్తుంది, ఇద్దరు మనుషులను పోల్చడానికి వాడకూడదు.

ప్రశ్న: పెద్దాయన వెంటిలేటర్ మీద ఉన్నారు. ‘చేయగలిగినదంతా చేయమంటారా?’ అని డాక్టర్లు అడుగుతున్నారు. వద్దంటే చంపినట్టు కాదా?

జవాబు: కాదు. అసలు ఆ ప్రశ్నే సరైనది కాదు. అలా అడిగితే కాదనే బిడ్డ ఎవరుంటారు? ‘అంతా’లో ఏమేముందో ముందు తెలుసుకోండి. ఆసుపత్రిలో గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ప్రయత్నిస్తే, మంచి వసతులున్న దేశాల్లో కూడా ప్రాణాలతో ఆసుపత్రి నుంచి బయటికొచ్చేది నలుగురైదుగురిలో ఒకరు. ముదిరిన జబ్బుంటే ఆ ఆశ ఇంకా తక్కువ. పక్కటెముకలు విరగడం మామూలే.

గడువు పెట్టి చికిత్స చేయించడం మంచి దారి. ఇంతకుముందు ఆయనకు ఏది ముఖ్యంగా ఉండేదో, మనుషుల్ని గుర్తుపట్టడమా, నడవడమా, ఇంట్లో ఉండడమా, డాక్టరుకు చెప్పండి. అది తిరిగి దక్కే అవకాశం ఎంతో అడగండి. ‘కోలుకుంటున్నట్టు దేన్ని చూసి తెలుస్తుంది? తెలివి రావడమా, ఆక్సిజన్ అవసరం తగ్గడమా?’ అని అడిగి, జబ్బును బట్టి మూడు నుంచి ఐదు రోజులో, ఇంకొంత ఎక్కువో గడువు ఖాయం చేసుకోండి. ఆలోగా ఆ గుర్తులు కనబడకపోతే యంత్రాలు తగ్గించి, నొప్పి, ఆయాసం లేకుండా చూడాలని ముందే అనుకోవాలి.

ఇది ఎక్కువగా చెడేది రెండుచోట్ల. గడువు రోజున దూరం నుంచి వచ్చిన బంధువు మళ్లీ మొదటికి తెస్తారు, కాబట్టి ఆయన్ని మొదటి రోజే ఫోన్లో కూర్చోబెట్టాలి. డ్యూటీ మారిన డాక్టరుకు ఈ ఒప్పందం తెలియకపోవడం రెండోది. అందుకే గడువు, గుర్తులు, ఛాతీ నొక్కాలా వద్దా అన్నది కేస్ షీట్‌లో రాయించి, మీ కళ్లతో చూసుకోండి.