ఆ రెండు పేజీలు రాసేముందు

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

వైద్య పరిశోధన అవార్డుకి నిన్ను నామినేట్ చేస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పగానే నాకు గొంతు పూడుకుపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు పనులు నీకు తెలిసినవే. సిఫార్సు లేఖలు రాసేవాళ్ళకి కనీసం నెల టైమ్ ఇవ్వు. కమిటీలో నీ సబ్జెక్టు తెలియనివాళ్ళూ ఉంటారు, వాళ్ళకీ అర్థమయ్యేలా రాయి.

నీ వయసులో నన్నూ ఒక అవార్డుకి నామినేట్ చేశారు. పని సారాంశం నన్నే రాసిమ్మన్నారు. మా ల్యాబ్‌లో కల్చర్లు, అంటే ఫ్లాస్కుల్లో పెంచే కణాలు, చూసుకునే టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు. ఒకసారి అన్ని ఫ్లాస్కుల్లోనూ మందుకి కణాలు చచ్చిపోయి, ఒక్కదాంట్లో మిగిలాయి. మందు వెయ్యడం మర్చిపోయామేమోనని పారబొయ్యబోతే, "నేనే వేశానమ్మా, ఉంచండి" అని చెయ్యి అడ్డం పెట్టారు. మా పని మలుపు తిరిగింది అక్కడే. నేను రాసిన రెండు పేజీల్లో ఆయన పేరు లేదు. కావాలని తీసెయ్యలేదు, అసలు తట్టనే లేదు. అవార్డు వచ్చిన రోజు అందరికన్నా ముందొచ్చి అభినందించింది ఆయనే. కొన్నేళ్ళకి పాత ఫ్రీజర్ ఖాళీ చేస్తుంటే ప్రతి ట్యూబు మీదా ఆయన గుండ్రటి చేతిరాత, తేదీతో సహా. చేతులు గడ్డకడుతున్నా అక్కడే నిలబడిపోయాను. అప్పటికే ఆయన పోయారు.

ఇన్సులిన్ కనిపెట్టినందుకు 1923లో నోబెల్ బాంటింగ్, మెక్లియాడ్‌లకి ఇచ్చారు. బాంటింగ్ పక్కనుండి ప్రయోగాలు చేసిన బెస్ట్ పేరు లేదు, దాన్ని శుద్ధి చేసిన కాలిప్ పేరూ లేదు. బాంటింగ్ తన బహుమతి డబ్బులో సగం బెస్ట్‌కి ఇచ్చాడు, మెక్లియాడ్ కాలిప్‌కి పంచాడు. నేను ఆపాటి కూడా చెయ్యలేదే తల్లీ.

నీకు చిన్నప్పట్నుంచీ తొందర ఎక్కువ. పరీక్ష పేపరు మళ్ళీ చదవకుండానే ఇచ్చేసి వచ్చేదానివి. ఈసారి అలా చేస్తే ఊరుకోను. ల్యాబ్ నోటుబుక్కులు మొదటి పేజీ నుంచి తిరగెయ్యి. ఎవరి చేతిరాత కనిపిస్తే వాళ్ళ పేరూ, వాళ్ళు చేసిన పనీ రాసుకో.

అవార్డు రాకపోతే దిగులు పడకు. కోవిడ్ టీకాలకి దారి తీసిన కారికో, వైస్‌మన్‌ల ఆర్‌ఎన్‌ఏ పేపర్ వచ్చింది 2005లో, దానికి వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది 2021లో. అన్నం వేళకి తిను.

డ్రాఫ్టు అవగానే నాకు పంపించు. ముందు పేర్లే చూస్తాను.

పెద్దమ్మ