అడగండి చెప్తా: టీవీ నవ్వు స్టేజి ఎక్కితే

ప్రశ్న: సైన్‌ఫెల్డ్ అనే అమెరికన్ కామెడీ సీరియల్ నాకు దాదాపు కంఠతా వచ్చు, దాన్ని జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి తయారుచేసిన లారీ డేవిడ్, న్యూయార్క్‌లో పెద్ద నాటకాల హాళ్ళుండే బ్రాడ్‌వేలో నాటకం కూడా వేశాడని ఈమధ్యే తెలిసింది. అదేం నాటకం? టీవీలో ఉన్నట్టే ఉంటుందా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేశాడండీ, 2015 నాటి మాట. పేరు ఫిష్ ఇన్ ద డార్క్, న్యూయార్క్‌లో కోర్ట్ థియేటర్లో మార్చి 5న ఓపెన్ అయింది, ఇప్పుడా థియేటర్ పేరు జేమ్స్ ఎర్ల్ జోన్స్ థియేటర్ అని మార్చారు లెండి. రాసిందీ ఆయనే, హీరో వేషం కట్టిందీ ఆయనే, డైరెక్షన్ మాత్రం ఆనా షపిరో. బ్రాడ్‌వేకి కొత్త, వయసు చూస్తే అరవై ఏడు, అయినా ఓపెనింగ్ కాకముందే కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైన టికెట్లు తెగిపోయాయి. పాటలూ డాన్సులూ లేని మామూలు నాటకానికి అక్కడ అప్పటిదాకా అంత అడ్వాన్స్ బుకింగ్ లేదు.

కథ వింటే మన వీధిలోదే అనిపిస్తుంది. తండ్రి హాస్పిటల్లో చివరి ఘడియల్లో ఉంటాడు, కొడుకులిద్దరూ మంచం పక్కన నిలబడి ఉంటారు, ఆయన పోతూ పోతూ అమ్మని నీ దగ్గర ఉంచుకో అంటాడు. ఎవరితో అన్నాడు? నాన్న నిన్నే చూశాడ్రా అని ఒకడు, కాదు నిన్నే అని ఇంకొకడు, ఇక అక్కణ్ణించి మొత్తం అదే గొడవ. ఒక ఫ్రెండు వాళ్ళ నాన్న పోయినప్పుడు జరిగిన సంగతుల్లోంచి ఆయనకి ఈ ఐడియా వచ్చిందట. మన దగ్గర ఆర్నెల్లు పెద్దోడి దగ్గర ఆర్నెల్లు చిన్నోడి దగ్గర అని వంతులేసుకునే ఇళ్ళు ఎన్ని లేవు, కాకపోతే మనం దాన్ని ఏడుపు సీరియల్ చేస్తాం, ఆయన కామెడీ చేశాడు. మధ్యలో డాక్టరుకి టిప్పు ఇవ్వాలా అక్కర్లేదా లాంటి చర్చలు కూడా ఉంటాయి, అది పక్కా లారీ డేవిడ్ మార్కు. ఎంత పెద్ద దుఃఖంలో ఉన్నా మర్యాద గురించి ఒక చెత్త అనుమానం పట్టుకుని వేలాడటం.

టీవీలో ఉన్నట్టే ఉంటుందా అంటే, ఉంటుంది, వచ్చిన చిక్కే అది. రివ్యూలు అటూ ఇటూగా వచ్చాయి, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులకి ఒక్క నామినేషన్ కూడా రాలేదు, హాలు మాత్రం ఫుల్లు. జనం నాటకం చూడ్డానికి రాలేదండీ, టీవీలో చూసిన ఆ బట్టతల మనిషి చేతులు ఊపుతూ విసుక్కుంటుంటే దగ్గర్నుంచి చూడ్డానికి వచ్చారు. నన్నడిగితే తప్పేం లేదు.

ప్రశ్న: మాది చిన్న నాటక సమాజం. టీవీలో, యూట్యూబ్‌లో పగలబడి నవ్విన స్కిట్లే మేం పరిషత్తు స్టేజి మీద వేస్తే జనం కదలట్లేదు. లోపం ఎక్కడుంది? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లోపం మీ ఆర్టిస్టుల్లో ఉందని ముందే డిసైడ్ అయిపోకండి. టీవీలో సగం కామెడీ కెమెరా చేస్తుంది. లారీ డేవిడ్‌దే ఇంకో షో, కర్బ్ యువర్ ఎన్తూజియాజం, 2000 నుంచి 2024 దాకా వచ్చింది, దానికి పూర్తి డైలాగులు రాసేవాళ్ళు కాదు, సీన్‌లో ఏం జరగాలో కొన్ని పేజీల్లో రాసుకుని మాటలు అక్కడికక్కడ యాక్టర్లే అల్లుకునేవాళ్ళు, వెనక నవ్వుల ట్రాక్ కూడా ఉండదు. ఎదుటివాడు అబద్ధం చెప్తున్నాడా లేదా అని లారీ కళ్ళు చిన్నవి చేసి మొహంలో మొహం పెట్టి చూస్తుంటాడు, క్లోజప్‌లో ఆ చూపుకే నవ్వు. అదే చూపు వెయ్యి మంది పట్టే హాల్లో బాల్కనీ చివరి వరస వాడికి ఏం కనపడుతుంది, నెత్తి తప్ప? స్టేజి మీదకి వచ్చేసరికి మాటలు రాసుకోవాలి, రాసుకున్నవే రోజూ అనాలి, జనం నవ్వితే ఆగాలి, నవ్వకపోయినా ఆగకూడదు. వేరే విద్య అది.

మన జబర్దస్త్ సంగతి చూడండి, 2013 నుంచి వస్తోంది, వేసేది స్టేజి మీదే కదా అంటారు. వేసేది స్టేజి మీదే గానీ మనం చూసేది ఎడిటింగ్ అయ్యాక. పంచ్ పడగానే జడ్జి నవ్వుతున్న మొహానికి కట్ చేస్తారు, అంటే ఇక్కడ నవ్వాలమ్మా అని మనకి సైగ అన్నమాట. ఆ సైగ మీ పరిషత్తులో ఎవరిస్తారు?

కాబట్టి మొహం మీద ఆధారపడ్డ జోకులు తీసేసి, ఒంటితో చేసేవీ సిట్యుయేషన్‌లోంచి పుట్టేవీ పెట్టుకోండి. ఇంకోటి, ఫిష్ ఇన్ ద డార్క్‌లో ఆ తండ్రి చూపు సంగతే తీసుకోండి. టీవీలో అయితే ఆయన ఎటు చూశాడో కెమెరా ఏదో ఒక పక్క చూపించి తీరాలి, స్టేజి మీద కుడి పక్క కూర్చున్నవాడికి ఒకలా ఎడమ పక్క కూర్చున్నవాడికి ఒకలా కనపడేట్టు చేయొచ్చు, ఇంటర్వెల్లో టీ తాగుతూ జనమే కొట్టుకుంటారు. స్టేజికి ఉన్న ఇలాంటి సదుపాయాలు వాడుకోకుండా టీవీని కాపీ కొడితే ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: పేరున్న కమెడియన్ మధ్యలో తప్పుకుంటే అలాంటి నాటకం నిలబడుతుందా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫిష్ ఇన్ ద డార్క్‌కి సరిగ్గా అదే జరిగిందమ్మా. జూన్‌లో లారీ డేవిడ్ దిగిపోయాడు, ఆ వేషంలోకి జేసన్ అలెగ్జాండర్ వచ్చాడు, ఆగస్టు 1 దాకా ఆడింది. ఎవరీయన అంటే సైన్‌ఫెల్డ్‌లో జార్జ్ కాస్టాంజా, ఆ జార్జ్ పాత్రకి మూలం లారీ డేవిడే. అంటే ఒరిజినల్ మనిషి వెళ్ళిపోతే, ఏళ్ళ తరబడి టీవీలో ఆ మనిషిని వేసినవాడొచ్చి కుర్చీలో కూర్చున్నాడు! పైగా జేసన్ స్టేజి నటుడు, 1989లోనే టోనీ కొట్టినవాడు. మన అమృతం సీరియల్లో అమృతరావుగా ముందు శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వచ్చారు, మనం చూడ్డం మానేశామా? అంజిగా గుండు హనుమంతరావు గారు కదలకుండా ఉన్నారు కాబట్టి అమృతరావు ఎవరైనా నడిచిపోయింది అని నా లెక్క. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ప్రశ్న: అయితే సిట్‌కామ్, అంటే టీవీ కామెడీ సీరియల్, ఏదీ స్టేజికి పనికిరాదంటారా? (గుంటూరు నుంచి)

జవాబు: అలా నేనెప్పుడన్నాను బాబూ. బ్రిటిష్ వాళ్ళ ఫాల్టీ టవర్స్ ఉంది, ఒక హోటల్లో నడిచే కామెడీ సీరియల్. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం కలిపి పన్నెండు ఎపిసోడ్లే, జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. 1970లో క్లీజ్ ఉన్న మాంటీ పైథాన్ అనే కామెడీ బృందం ఇంగ్లండ్‌లోని టార్కీలో ఒక హోటల్లో దిగితే ఆ ఓనరు గెస్టుల్ని పురుగుల్లా చూశాడట, క్లీజ్‌కి ఆ మనిషి తెగ నచ్చేశాడు, దాంట్లోంచి పుట్టింది సీరియల్లో హోటల్ ఓనరు బాసిల్ ఫాల్టీ పాత్ర. అందులో మూడు ఎపిసోడ్లు కలిపి క్లీజే నాటకం చేశాడు, ముందు 2016లో ఆస్ట్రేలియాలో వేశారు, 2024లో లండన్ అపోలో థియేటర్‌కొచ్చింది, ఆయన మాత్రం వేషం కట్టలేదు.

దాంట్లో తలుపులుంటాయి, మెట్లుంటాయి, వంటగదిలోకి పోయేవాడూ బయటికొచ్చేవాడూ గుద్దుకుంటారు, ఒకరికి దాచాల్సిన మనిషి ఇంకో తలుపులోంచి ఊడిపడతాడు. ఇదంతా టీవీ పుట్టకముందు నాటకాల్లో ఉన్న సరుకే, టీవీ అరువు తెచ్చుకుంది, మళ్ళీ పుట్టింటికి తీసుకెళ్తే ఇబ్బంది ఏముంటుంది. కర్బ్ లాంటివాటికి ఆ పుట్టిల్లు లేదు, అవి కెమెరాకే పుట్టాయి.

ప్రశ్న: మరి మన అమృతాన్ని నాటకంగా వేయొచ్చా? మా కాలేజీ ఫ్రెండ్స్ అందరం ఊపు మీదున్నాం. (విశాఖపట్నం నుంచి)

జవాబు: బ్రహ్మాండంగా వేయొచ్చు, అదీ హోటలే కదా. అమృత విలాస్ వంటగది ఒక పక్క, గల్లాపెట్టె ఇంకో పక్క, అద్దె కోసం హౌస్ ఓనర్ అప్పాజీ వచ్చే తలుపు మధ్యలో. ఆ మధ్య తలుపు గట్టిగా చేయించండి, గుడ్డతో తలుపు బొమ్మ కట్టేసి మమ అనిపించొద్దు, అప్పాజీ తలుపు బాదితే చప్పుడు చివరి వరసకి వినపడాలి. మైకులు తక్కువుంటే హోటల్ సర్వర్ సర్వం వేషానికి గొంతున్నవాణ్ణి చూసుకోండి. హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని పర్మిషన్ లెటర్ తెచ్చుకోవడం రిహార్సల్స్ మొదలుపెట్టకముందే చేయండి, టికెట్ పెట్టినా పెట్టకపోయినా సరే.