పాఠకుల ప్రశ్నలు: ఇంటర్నెట్ ఫోన్లు, నెట్‌వర్క్ కంపెనీల షేర్లు

ప్రశ్న: నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా కాలపు ఎక్స్ఛేంజీలు మూలపడ్డాయి, ఫోన్ సంభాషణలన్నీ ఇంటర్నెట్ దారిన వెళ్తున్నాయి. ఇది ఇంకా పెరుగుతుంది కనుక రూటర్లు, స్విచ్‌లు, టవర్ పరికరాలు తయారుచేసే కంపెనీలలో పది లక్షలు పెడదామనుకుంటున్నాను. మా అబ్బాయి సిస్కో అంటున్నాడు, నా పాత సహోద్యోగి తేజస్ నెట్‌వర్క్స్ అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ఫోన్ మాటలు ఇంటర్నెట్‌కు మారాయన్న మీ అభిప్రాయం అక్షరాలా నిజం. 2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన జియోకు పాత పద్ధతిలో మాటను మోసే 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు. అందులో మాట్లాడే ప్రతి మాటా ఐపీ ప్యాకెట్లుగానే, అంటే ఇంటర్నెట్ మోసే చిన్న చిన్న డేటా మూటలుగానే ప్రయాణిస్తుంది. ఒక కంపెనీ కాల్ మరో కంపెనీ నెట్‌వర్క్‌లో ముగిసినందుకు చెల్లించే నిమిషానికి 6 పైసల రుసుము కూడా 2021 జనవరి 1 నుంచి రద్దయింది. అంటే ఈ మార్పు రాబోయేది కాదు, చాలావరకు జరిగిపోయినది. జరిగిపోయిన మార్పును చూసి షేరు కొనేటప్పుడు, ఆ సంగతి మార్కెట్‌కు మనకంటే ముందే తెలుసునని గుర్తుంచుకోవాలి.

మీరు ఎక్స్ఛేంజిలో పనిచేసినవారు కనుక ఒక ఫోన్ సంభాషణకు కేటాయించే, సెకనుకు 64 కిలోబిట్ల వాయిస్ ఛానెల్ మీకు కొత్త కాదు. అదే మాటను ఐపీ ప్యాకెట్లలో పంపినా, ప్యాకెట్ల అదనపు భారం కలుపుకుని సెకనుకు 90 కిలోబిట్లు దాటదు; మొబైల్‌లో మాటను కుదించి పంపే కోడెక్‌లకు అందులో చిన్న భాగం చాలు. ఫోన్‌లో స్పష్టమైన వీడియో చూడడానికి మాత్రం సెకనుకు దాదాపు 5 మెగాబిట్లు, అంటే 5,000 కిలోబిట్లు కావాలి. కాబట్టి హైదరాబాద్‌లో ప్రతి ఒక్కరూ రోజుకు మరో గంట ఎక్కువ మాట్లాడినా, అందుకోసం ఏ కంపెనీ కొత్త రూటర్ కొనవలసిన అవసరం రాదు. ఇంటర్నెట్ టెలిఫోనీ పెరుగుదలను ఆధారం చేసుకుని పరికరాల కంపెనీలను కొనడంలో ఉన్న అసలు పొరపాటు ఇదే.

మాటను ఇంటర్నెట్‌కు ఎక్కించినవారికే అందులో స్థిరమైన రాబడి దొరకలేదు. 2003లో మొదలైన ఇంటర్నెట్ కాల్స్ సేవ స్కైప్‌ను ఈబే 2005లో, మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు కొన్నాయి. 2025 మేలో ఆ సేవ మూతపడింది. మాట్లాడేవారికి మిగిలిన డబ్బు చాలా పెద్దది, కానీ అది ఏ కంపెనీ లాభనష్టాల ఖాతాలోనూ కనబడదు.

పరికరాల తయారీ రోడ్డు కాంట్రాక్టరు పని వంటిది. రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయన్నది కాదు, కొత్త రోడ్డు పని ఎవరు ఇస్తున్నారు, బిల్లు ఎప్పుడు చెల్లిస్తున్నారన్నదే అతని ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. 2000 మార్చిలో సిస్కో ప్రపంచంలోనే అత్యధిక విలువ గల కంపెనీ; దాని మార్కెట్ విలువ 50,000 కోట్ల డాలర్లు దాటింది. టెలికం కంపెనీలు ఖర్చు ఆపేయగానే, 2001లో ఆ సంస్థ సుమారు 220 కోట్ల డాలర్ల సరుకును నష్టంగా రాసుకోవలసి వచ్చింది. 80 డాలర్ల షేరు 2002 నాటికి 10 డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ రెండేళ్ళలోనూ, ఆ తర్వాతా ఇంటర్నెట్ వాడకం పెరుగుతూనే ఉంది. అయినా పాత గరిష్ఠ ముగింపు ధరను దాటడానికి ఆ షేరుకు 2025 డిసెంబరు వరకు పట్టింది. అటువంటి పరికరాలే తయారుచేసే లూసెంట్, నోర్టెల్ కంపెనీలు మరీ దెబ్బతిన్నాయి, ఎందుకంటే అవి తమ సరుకు కొనడానికి తామే కొనుగోలుదారులకు అప్పులిచ్చాయి; ఆ కొనుగోలుదారులు కూలినప్పుడు అమ్మకాలతో పాటు బాకీలూ పోయాయి. నోర్టెల్ 2009 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

మన దేశపు ఉదాహరణ మీ సహోద్యోగి చెప్పిన తేజస్‌లోనే ఉంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ పరికరాల కోసం 2023లో, ఆ నెట్‌వర్క్ నిర్మాణం చేపట్టిన టీసీఎస్ నుంచి దానికి సుమారు 7,492 కోట్ల ఆర్డరు వచ్చింది. స్వదేశీ 4జీ పరికరాలు తయారుచేయడం నేను మనస్ఫూర్తిగా గర్వించే విజయం. అయితే ఆ సరఫరా చాలావరకు పూర్తయ్యాక, 2024 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో సుమారు 1,563 కోట్లుగా ఉన్న ఆదాయం, ఏడాది తిరిగేసరికి అదే త్రైమాసికంలో సుమారు 202 కోట్లకు తగ్గి, కంపెనీకి నష్టం వచ్చింది. ఇంజినీర్లలో లోపం లేదు, ఒకే పెద్ద కొనుగోలుదారు మీద ఆధారపడిన వ్యాపారపు స్వభావం అది. అందుకే ఇటువంటి కంపెనీ వార్షిక నివేదిక చేతికందితే లాభం అంకెకంటే ముందు మొదటి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల వాటా ఎంతో, వసూలు కావలసిన బకాయిలు అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నాయో లేదో, గిడ్డంగిలో సరుకు పేరుకుంటోందో లేదో చూడండి.

నేడు ఈ పరికరాలకు గిరాకీ తెస్తున్నవి కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు. విశాఖపట్నంలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని చూసి తెలుగు మదుపరులకు ఉత్సాహం కలగడం సహజమే. కానీ ఇక్కడా కొనేవారు నలుగురైదుగురు మహా సంస్థలే, వారు ఒక్క ఏడాది చేయి బిగబట్టితే పాత కథే మళ్ళీ మొదలవుతుంది.

నా సలహా సూటిగా చెబుతాను: విరమణ డబ్బులో పది లక్షలు ఈ ఒక్క రంగంలో పెట్టకండి. మీకు ఈ విద్య మీద మమకారం ఉంది కనుక, మొత్తం పొదుపులో ఐదు శాతానికి మించకుండా, రెండు మూడేళ్ళ పాటు కొద్దికొద్దిగా కొనండి. మిగిలినది సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలోనో, మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే విస్తృతమైన ఇండెక్స్ ఫండ్‌లోనో ఉండనివ్వండి. సిస్కో వంటి విదేశీ షేరు కొంటే 24 నెలలు దాటాక అమ్మిన లాభంపై 12.5 శాతం పన్ను ఉంటుంది, ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఏటా చూపవలసి ఉంటుంది. ఈ రెండో విషయం చాలామంది మరచిపోతారు; మీ అబ్బాయికి కూడా చెప్పండి.

ప్రశ్న: మా క్లినిక్‌లో రాగి తీగల ల్యాండ్‌లైన్ తీసేసి, ఫైబర్ మీద ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకోమంటున్నారు. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: పెట్టుకోవచ్చు. లైసెన్సు ఉన్న టెలికం సంస్థ నుంచే సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైను) తీసుకోండి, పాత నంబరే కొనసాగుతుందని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఒక్క తేడా గమనించండి: రాగి తీగకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది కనుక ఇంట్లో కరెంటు పోయినా మామూలు ఫోన్ మోగేది. ఫైబర్ తీగలో కరెంటు రాదు. మీ గోడకు బిగించే ఫైబర్ పెట్టె, రూటర్, ఫోన్ మూడింటినీ ఇన్వర్టరు లైనుకు కలపాలి. క్లినిక్ కనుక విడిగా ఒక మామూలు మొబైల్ నంబరును కూడా బోర్డు మీద రాయించండి.