వైజాగ్ రోడ్లకి యూనికార్న్ వెనక టైరు: ఎక్కువ కాలం వచ్చేదా, పట్టు ఉండేదా?

రోజూ 35 కిలోమీటర్లు తిరిగే యూనికార్న్‌కి వెనక టైరు మార్చాలి, ఎక్కువ కిలోమీటర్లు వచ్చేది వేయించాలా, మలుపుల్లో పట్టున్నది వేయించాలా, ఏ కంపెనీ మంచిది అని అడిగారు. నాదీ యూనికార్నే. గోపాలపట్నంలో ఇల్లు, కూర్మన్నపాలెం అవతల ఉద్యోగం, కాబట్టి తిరుగుడు కూడా ఇంచుమించు మీ అంతే. కంపెనీ సంగతి చివర్లో చూద్దాం. ముందు మా మావయ్యగారిని సింహాచలం ఘాట్ రోడ్డు మీద పడేసిన సంగతి చెప్పాలి.

2022 జూలైలో ఓ శనివారం. మావయ్యగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు, అప్పన్న దర్శనం చేయించమన్నారు. బస్సులో వెళ్దామంటే వినలేదు, "నీ బండి ఉండగా బస్సేటి బాబూ" అన్నారు. ఎక్కడం హాయిగా ఎక్కేశాం. దర్శనం అయింది, పులిహోర పొట్లాలు కవర్లో పెట్టుకుని దిగుతున్నాం. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. గట్టి వాన అయితే రోడ్డునైనా కడిగేస్తుంది. ఈ చినుకు అలా కాదు, దుమ్మూ, బస్సులు కార్చిన ఆయిలూ కలిపి జిగురు చేసి వదిలేస్తుంది. ఓ మలుపులో ఎదురుగా బస్సొచ్చింది. నా స్పీడు పాతిక దాటలేదు, ఒట్టు. వెనక బ్రేకు మీద కాలు ఆనించానంతే, వెనక చక్రం తడి సబ్బులా పక్కకి జారిపోయింది. బండి ధడాలున పడలేదు. గేదె పడుకున్నట్టు నెమ్మదిగా ఓ పక్కకి ఒరిగింది. నా మోచెయ్యి గీరుకుపోయింది, లెగ్ గార్డు వంగింది. తల తిప్పి చూస్తే మావయ్యగారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టే ఉన్నారు, కవరు మాత్రం తలకంటే ఎత్తుగా పట్టుకున్నారు.

"ఏటి బాబూ, బండి దానంతటదే పడుకుండిపోనాది?" అన్నారు. తర్వాత కవరులోకి చూసుకుని, "పులిహోరకేటీ అవలేదులే" అన్నారు.

ఇంటికెళ్లాక నన్ను తినేసింది వేరే సంగతి. టైరు గుండైపోయి ఉంటే నా తప్పేనని ఒప్పేసుకునేవాణ్ణి. కానీ బటన్లు, అంటే గాడుల మధ్య ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కలు, నిక్షేపంలా ఉన్నాయి! టూవీలర్ టైరుకి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని మన మోటారు వాహనాల నిబంధన, నా టైరుకి తేలిగ్గా మూడు ఉంటుంది. గాడి అడుగున, పక్కన త్రికోణం గుర్తున్న చోట చిన్న దిమ్మె ఉంటుంది చూడండి, అరిగి అరిగి టైరు దానికి సమానమైతే మార్చేయాలి. నాది దాని దరిదాపుల్లో కూడా లేదు. 19,000 కిలోమీటర్లు తిరిగింది. లాంగ్ లైఫ్ టైరు అని, తేలిగ్గా 30,000 వస్తుందని చెప్పి అమ్మారు. నేను ఆ లెక్క చూసుకుని మురిసిపోతూ తిరిగాను.

మర్నాడు మా వీధి చివర పంచరు షాపుకి తీసుకెళ్లాను. ఆయన టైరు చూడనైనా చూడకుండా బొటనవేలి గోరు గుచ్చాడు. "కొత్త టైరుకి గోరు గుచ్చితే రవ్వంత దిగుద్ది, తీస్తే మళ్లీ మామూలైపోద్ది. దీనికి గుచ్చితే నీ గోరే ఇరుగుద్ది" అన్నాడు. తడిగుడ్డతో టైరు పక్క భాగం తుడిచి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న గడి మీద వేలు పెట్టాడు. 2316. అంటే 2016లో 23వ వారం, జూన్ నెల. నేను కొన్నది 2020 ఫిబ్రవరిలో! నా బండెక్కే నాటికే దానికి మూడున్నరేళ్లు దాటాయి, మావయ్యగారిని పడేసిన నాటికి ఆరేళ్లు. బటన్ల సందుల్లో వెంట్రుకవాసి పగుళ్లు కూడా చూపించాడు. అమ్మినవాడు "మీ కోసం" అని రెండొందలు తగ్గిస్తే నేను థాంక్స్ చెప్పి మరీ వచ్చాను. ఆ షాపు పేరు చెప్పను. ఇప్పుడు చెప్పి లాభం కూడా లేదు, బిల్లు ఎప్పుడో పోయింది.

అందుకే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది" అనే ప్రశ్నే టూవీలర్‌కి తప్పుడు ప్రశ్న. మెత్తటి రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు అరగదు, పట్టుకోదు. రెండూ ఒకే టైరులో కావాలంటే నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పెట్టిన డ్యూయల్ కాంపౌండ్ టైర్లు ఉన్నాయి కానీ, మన కమ్యూటర్ బళ్ల సైజుల్లో అన్ని షాపుల్లోనూ దొరకవు. పైగా ఏ రబ్బరైనా ఎండకీ గాలికీ ఏడాదికేడాది గట్టిపడుతూనే ఉంటుంది. 30,000 వచ్చే టైరు వేయించుకుంటే చివరి పది వేలు రాతి చక్రం మీద తిరుగుతున్నట్టే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మనలా ఎన్‌ఏడీ నుంచి షీలానగర్, గాజువాక మీదుగా హైవే మీద తిన్నగా పోయేవాళ్లకి టైరు నడుమే అరుగుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా అయిపోతుంది. తిన్నగా పోయినంతసేపూ తెలియదు. కైలాసగిరి మీదో, అనంతగిరి దాటి అరకు ఘాట్‌లోనో బండి వంచినప్పుడు తెలుస్తుంది: మొదట ఒరగనని మొండికేస్తుంది, తర్వాత ఆ అంచు దాటగానే ఒక్కసారి దబ్బున ఒరుగుతుంది. గట్టి టైరు అయితే ఆ బల్లపరుపు ఆకారంతోనే మనం ఏళ్ల తరబడి తిరుగుతాం. హ్యాండ్లింగ్ పాడైందని మెకానిక్ చేత ఫోర్కులు విప్పించిన వాళ్లు నాకు తెలుసు. తప్పు టైరుది.

లెక్క కూడా వేశాను, నవ్వకండి. గట్టి టైరు 2,100 రూపాయలు, 30,000 కిలోమీటర్లు: కిలోమీటరుకి ఏడు పైసలు. ఆ తర్వాత నేను వేయించిన మెత్తటిది 2,500, వచ్చింది 14,000: పద్దెనిమిది పైసలు. తేడా పదకొండు పైసలు. రోజుకి 35 కిలోమీటర్లకి నాలుగు రూపాయలు కూడా కాదు, ఆ డబ్బుకి గాజువాకలో టీ కూడా రాదు. పెట్రోలుకి కిలోమీటరుకి రెండున్నర రూపాయలు పోస్తూ టైరు దగ్గర పైసలు లెక్కపెట్టడం నాకైతే అర్థం కాదు. ఆ 14,000లోనూ వానలో ఒక్కసారి కూడా వెనక చక్రం జారలేదు. జాగ్రత్తగా నడిపావేమో అంటారా? అదీ ఉంది, ఒప్పుకుంటాను. పడినవాడు ఎలాగూ జాగ్రత్తగానే నడుపుతాడు.

ఇది మన ఊరికి మరీ అవసరం. బీచ్ రోడ్డులో గాలికి ఇసుక వచ్చి మలుపుల్లో పేరుకుంటుంది. షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీల రోడ్డులో బొగ్గు పొడి, డీజిల్, గుంటలు, మూడూ కలిసే ఉంటాయి. వీటికి తోడు జీబ్రా క్రాసింగులకి వేసే ఆ మందపాటి తెల్ల రంగు. తడిస్తే అద్దం. సరిగ్గా బ్రేకు వేయాల్సిన చోటే అద్దం పరచాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆయన టూవీలర్ నడపడని మాత్రం తెలుస్తోంది.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో నేరుగా కొంటే చవకగా వస్తాయా అని కూడా అడిగారు. అక్కడ యోకోహామా వాళ్ల ప్లాంటు 2022 ఆగస్టులో ప్రారంభమైన మాట నిజమే, కానీ అది ప్రధానంగా ట్రాక్టర్లకీ గనుల్లో యంత్రాలకీ వేసే పెద్ద పెద్ద టైర్ల ప్లాంటు. వాటిలో ఒకటి మీ ఇంటి ముందు పెడితే మీ యూనికార్న్ దాని వెనక కనిపించదు.

సైజు మాత్రం మార్చకండి. నా బండికి వెనక 100/90-18. మా ఆఫీసు కుర్రాడొకడు చూడ్డానికి బాగుంటుందని అదే రిమ్ముకి 120 వెడల్పు టైరు ఎక్కించాడు. రిమ్ము ఇరుకైపోయి టైరు నడుమ ఉబ్బింది, మలుపులో బండి బరువెక్కింది, మైలేజీ పడిపోయింది. ఇప్పుడు పెట్రోలు మీద రోజూ ఏడుపు. సైజు పక్కన 56P అని ఉంటుంది. 56 అంటే ఆ టైరు 224 కిలోలు మోస్తుందని, P అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం వరకూ పనికొస్తుందని. ఈ అంకె తగ్గింది వేయించకండి, మీ వెనక కూడా మావయ్యగారు కూర్చోవచ్చు.

గాలి సంగతి ఎత్తితే నాకు కోపం వస్తుంది. సగం బంకుల్లో మిషను దగ్గర "పని చేయట్లేదు" అని అట్టముక్క వేలాడుతుంది. పనిచేసే చోట కుర్రాడు అడక్కుండానే నలభై కొట్టేస్తాడు. గాలి ఎక్కువైతే రోడ్డుకి ఆనే భాగం తగ్గిపోతుంది, నడుమ ఇంకా తొందరగా అరుగుతుంది. చైన్ కవర్ మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఒక్కరికి ఎంతో, ఇద్దరికి ఎంతో రాసి ఉంటుంది, అదే కొట్టించండి.

ఇక కంపెనీ. ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, మిషెలిన్, అందరి దగ్గరా రకరకాల టైర్లు ఉన్నాయి. ఒకే పేరు కింద గట్టిదీ ఉంటుంది, మెత్తదీ ఉంటుంది. ఏ హోటల్ మంచిదని అడిగితే ముందు ఏం తింటావని అడగాలి కదా. నేను ఇప్పుడు వాడుతున్నది చెప్తే దాని అభిమానులు, పడేసినదాని పేరు చెప్తే దాని అభిమానులు నా మీద పడతారు, కాబట్టి రెండూ వద్దు. షాపుకి వెళ్లి మెత్తటిది చూపించమనండి, గోరు గుచ్చండి, నాలుగంకెలు చదవండి, ఏడాది దాటితే ఇంకోటి తెమ్మనండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. బిగించేటప్పుడు పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో మీరే చూసుకోండి. కొత్త టైరు పైన నునుపు ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు ఘాట్ వైపు వెళ్లకండి.

మావయ్యగారు ఇప్పుడు తన స్కూటీకి టైరు మార్చాలన్నా ముందు నాకు వాట్సాప్‌లో ఫోటో పంపిస్తారు. మొన్న పంపిన మొదటి ఫోటోలో టైరంతా ఉంది గానీ అంకెలు లేవు. రెండోదాంట్లో ఆయన బొటనవేలు అడ్డొచ్చింది. మూడోదాంట్లో 0825 కనిపించింది, తీసుకోమన్నాను.