ఆసుపత్రి పరిశోధన గురించి జనానికి చెప్పే పని: అది ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక పెద్దాసుపత్రి పరిశోధన విభాగం వాళ్లు బస్తీలో పెట్టిన షుగర్ శిబిరానికి వాలంటీరుగా వెళ్లొచ్చింది. అప్పట్నుంచి ఒకటే పాట. ల్యాబులో కూర్చోదట. ఆసుపత్రిలో జరిగే పరిశోధన గురించి జనానికి చెప్పే పని, ఆ వార్తలు రాసే పని చేస్తుందట. ఇది నెల జీతం వచ్చే ఉద్యోగమా, సమాజసేవా? విజయవాడలో ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సుకు 85 వేలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. కట్టమంటారా? ఊళ్లు తిరగాల్సి వస్తుందేమోనని వాళ్లమ్మ భయం. – ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దామండీ. ఆ 85 వేలు ఇప్పుడు కట్టకండి. ఈ రంగంలో ఎవరైనా మొట్టమొదట అడిగే కాగితం గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్, వాడుకలో జీసీపీ. మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు పాటించాల్సిన నియమాలు నేర్చుకున్నట్టు చూపే కాగితం అది. ఆ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా చేయొచ్చు, శ్రద్ధగా కూర్చుంటే ఒక వారాంతం చాలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి చెన్నై సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్' అనే కోర్సు నడుపుతుంది. పాఠాలకు పైసా అక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ఈ రెండూ పూర్తయ్యాక కూడా అమ్మాయికి ఆసక్తి తగ్గకపోతే అప్పుడు మిగతా ఖర్చుల గురించి ఆలోచించండి. శిక్షణ సంస్థ వాళ్లను మాత్రం రెండు ప్రశ్నలు అడిగి చూడండి. గ్యారంటీ అంటున్న ఉద్యోగానికి నియామక పత్రం ఇచ్చేది ఎవరు? పోయిన బ్యాచ్ వాళ్లు ఏ ఆసుపత్రిలో, ఏ హోదాలో పనిచేస్తున్నారు? 'టై-అప్ ఉంది' అని తప్పించుకుంటే ఆ గ్యారంటీ చాలాసార్లు డేటా ఎంట్రీ దగ్గరో, కాల్ సెంటర్ దగ్గరో తేలుతుంది.

ఇది ఉద్యోగమేనా అంటే, అవును. కాకపోతే మీ అమ్మాయి ఊహించుకున్న పేరుతో మన వైపు ప్రకటనలు దాదాపు రావు. 'కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ ఆఫీసర్' అనే బోర్డు పెద్ద నగరాల్లోని పెద్ద సంస్థల్లో కనిపిస్తుంది. గుంటూరు, విజయవాడ, మంగళగిరి చుట్టుపక్కల ఇదే పనిని క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, మెడికల్ సోషల్ వర్కర్, ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ అనే పేర్లతో చేయిస్తారు. వార్తలు రాయడానికి విడిగా మనిషిని పెట్టుకునే ఆసుపత్రులు తక్కువ. కోఆర్డినేటర్లలో తెలుగు బాగా రాసే మనిషి ఉంటే ఆ పని వాళ్లకే వచ్చి పడుతుంది. అందుకే నా సలహా, అమ్మాయి కోఆర్డినేటర్‌గా లోపలికి వెళ్లాలి, రాయడం అదనపు బలంగా ఉంచుకోవాలి. రాతనే ముందుపెట్టి వెతికితే ఇక్కడ తలుపులు తక్కువ.

అసలు ఆసుపత్రులకు ఈ మనుషులతో ఏం అవసరం? చట్టం అడుగుతుంది కాబట్టి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మనుషుల మీద మందు పరీక్షించాలంటే పాల్గొనేవారి హక్కులూ భద్రతా కాపాడే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులు. వారిలో కనీసం సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి, అధ్యక్షుడూ బయటివాడే. వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. ట్రయల్ వివరాలు సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి. ఇన్ని కళ్ల ముందు నడవాల్సిన పనిలో రోగికీ డాక్టరుకూ మధ్య కాగితాన్నీ మాటనూ సరిగ్గా నడిపే మనిషి లేకపోతే ట్రయల్ ఆగిపోతుంది.

ఈ నిబంధనల వెనక మన ప్రాంతపు చేదు అనుభవాలూ ఉన్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన అంగీకార పత్రాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారని తేలింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2011లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి, విషయం సరిగా చెప్పకుండా వారి మీద క్యాన్సర్ మందు పరీక్షించారన్న ఆరోపణలు పెద్ద దుమారం రేపాయి. ఈ వైపు ఊళ్లలో 'ఆసుపత్రి వాళ్లు రక్తం తీసుకుంటారట' అనగానే తలుపులు వేసుకుంటే జనాన్ని తప్పుపట్టలేం. మీ అమ్మాయి వెళ్లి నిలబడాల్సింది ఆ తలుపు ముందే.

పని ఎలా ఉంటుందో ఒక్క సంగతి దగ్గరగా చూపిస్తాను, అంగీకార పత్రం తీసుకోవడం. పాల్గొనేవారికి ఇచ్చే సమాచార పత్రం ఇంగ్లిషులో పదిహేను పేజీలు ఉండొచ్చు. తెలుగు చేయించాక మరో మనిషి చేత తిరిగి ఇంగ్లిషులోకి చేయించి, అర్థం చెదరలేదని చూస్తారు. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రతి మీద వెర్షన్ నంబరు, తేదీ ఉంటాయి. కమిటీ కొత్త వెర్షన్ ఆమోదించాక కూడా సొరుగులో మిగిలిన పాత ప్రతి మీద సంతకం తీసుకోవడం ఈ రంగంలో రోజూ దొర్లే తప్పు. అది నిబంధన ఉల్లంఘన కింద రికార్డులోకి ఎక్కుతుంది. కొత్తది వచ్చిన రోజే పాతవాటిని అడ్డంగా కొట్టేసి పక్కన పెట్టాలి.

ఇక చెప్పడం. '10 మిల్లీలీటర్ల రక్తం' అంటే ఎదుటి మనిషికి సీసా కనిపిస్తుంది, 'రెండు టీ చెంచాలు' అంటే భయం తగ్గుతుంది. ఎవరికి ఏ మందు వస్తుందో లాటరీలా తేలుతుందని, కొన్ని ట్రయల్స్‌లో అది డాక్టరుకు కూడా తెలియదని ముందే చెప్పాలి. తర్వాత 'మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా' అని అడగాలి. మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదన్న మాట ఆమె నోటి నుంచి రాకపోతే ఆ రోజు సంతకం తీసుకోకూడదు. ఇంటికెళ్లి అడిగి రమ్మనాలి. చదవడం రానివారైతే పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చోవాలి, ఆ తర్వాతే వేలిముద్ర. వార్డు బాయ్‌ని చివర్లో పిలిచి సాక్షి సంతకం పెట్టించడం కుదరదు. భర్త బదులు భార్య, భార్య బదులు భర్త సంతకం చేయడం మన ఇళ్లలో మామూలే. ఇక్కడ మాత్రం తెలివిలో ఉన్న మనిషి సంతకం ఆ మనిషే చేయాలి, తేదీ కూడా తన చేత్తో తనే వేయాలి. ఒక ప్రతి ఆమె చేతికివ్వాలి. రికార్డులో తప్పు పడితే వైట్‌నర్ వాడకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. ఇదంతా చాదస్తంలా అనిపిస్తే మీ అమ్మాయికి ఈ పని సరిపడదు. శిబిరంలో కనిపించేది నవ్వుతూ పలకరించే భాగం. మిగతా పని అంతా ఫైళ్లే.

పేర్లు రాయించుకోవడం కంటే కష్టం, వాళ్లను చివరిదాకా నిలబెట్టుకోవడం. నెలకోసారి రమ్మని, అటూ ఇటూ మూడు రోజుల గడువిస్తారు. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. ఆ మూడు నెలల్లో కూలి వదులుకుని పొద్దున పదింటికి గుంటూరు రమ్మంటే ఎవరొస్తారు? కోత సీజన్ చూసుకోకుండా షెడ్యూలు గీసి, తర్వాత 'రోగులు సహకరించడం లేదు' అని రాసే బృందాలకు కొదవలేదు. రాకపోకల ఖర్చు, పోయిన కూలి ఇవ్వడానికి వీలుంది. ఎంతన్నది ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి, ఆశ పెట్టే మొత్తం కాకూడదు. ఫోన్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి పాల్గొనేవారి అనుమతితో ఇంకో ఇద్దరివి రాసుకోవాలి. ఇంకో ప్రమాదం, ఒంట్లో బాగోకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, నరసరావుపేటలో ఏదో నర్సింగ్ హోమ్‌కో వెళ్లి చేరి మనకు చెప్పకపోవడం. ట్రయల్‌లో ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరితే, 24 గంటల్లో డాక్టరు ప్రభుత్వ నియంత్రణ సంస్థకూ, ట్రయల్ నడిపిస్తున్న స్పాన్సరు కంపెనీకీ, ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి. అందుకే ఫోన్ నంబరున్న చిన్న కార్డు ఇచ్చి, పర్సులోనే ఉంచుకోమని ప్రతిసారీ గుర్తుచేస్తారు.

ఊరి సలహా సంఘం గురించీ చెప్పాలి. పెద్ద అధ్యయనాలు కమ్యూనిటీ అడ్వైజరీ బోర్డును పెట్టుకుంటాయి. ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం నాయకురాలు, బడి మాస్టారు, అదే జబ్బుతో వైద్యం చేయించుకున్న ఒకరిద్దరు, ఇలా ఉండాలి. ఊరి నాయకుల అనుచరులతోనూ డాక్టర్ల స్నేహితులతోనూ నింపితే అందరూ తలూపి టీ తాగి వెళ్తారు, ఊళ్లో అసలు అనుమానాలు ఒక్కటీ బయటికి రావు. ఈ సంఘాన్ని మనుషుల్ని చేర్పించే ఏజెంట్లుగా వాడకూడదు. సమావేశాన్ని పొలం పనులు ముగిశాక సాయంత్రం పెట్టాలి. అన్నిటికంటే ఎక్కువ మంది మర్చిపోయేది, అధ్యయనం ముగిశాక ఫలితం ఏంటో మళ్లీ ఆ ఊరికి వెళ్లి చెప్పడం. అలా చెప్పని సంస్థకు రెండోసారి ఆ ఊళ్లో గుమ్మం దొరకదు.

వార్తలు రాసే పనికొద్దాం. ఆసుపత్రి యాజమాన్యానికి కావాల్సింది 'మా దగ్గర అద్భుత చికిత్స' అనే శీర్షిక. రాసే మనిషి పని దాన్ని ఆపడం. వంద మందిలో నలుగురికి వచ్చే సమస్య ఇద్దరికి తగ్గితే '50 శాతం తగ్గింది' అని రాయడం లెక్క ప్రకారం తప్పు కాదు, కానీ చదివేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. వందకు నాలుగు నుంచి రెండుకు అని రాయాలి. పరీక్షించింది ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నదీ చెప్పాలి. మనుషులైతే ఎంతమంది, ఏ దశ? మొదటి దశ ట్రయల్ ప్రధానంగా మందు భద్రత చూస్తుంది, జబ్బు నయమైందని ఆ దశలో రాయకూడదు. పత్రికా ప్రకటనలో సీటీఆర్ఐ నంబరు వేస్తే విలేఖరి సొంతంగా సరిచూసుకుంటాడు. 'ట్రయల్‌లో చేరండి' అనే పోస్టరుకు, వాట్సాప్ మెసేజ్‌కు కూడా ఎథిక్స్ కమిటీ ముందుగా ఒప్పుకోవాలి. రోగి ఫొటో వాడాలంటే చికిత్సకు ఇచ్చిన అంగీకారం చాలదు, దానికి వేరే పత్రం ఉంటుంది.

ఇక ఈ ఏడాది అమ్మాయి ఏం చేయాలి? డిగ్రీలో చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టును బయటికి తీయమనండి. చాలామంది మార్కులయ్యాక అటకెక్కిస్తారు. ఇంటింటి సర్వే చేసిన ప్రశ్నావళి, లాగ్‌బుక్ ఇంటర్వ్యూలో చూపించదగ్గవే. చివరి ఇంటర్న్‌షిప్ ఇంకా మిగిలుంటే దాన్ని ఏదో కంపెనీలో సర్టిఫికెట్ కోసం కాకుండా మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోనో, ఆసుపత్రి పరిశోధన విభాగంలోనో అడగాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే సీటీఆర్ఐ వెబ్‌సైట్ తెరవండి, అది అందరికీ ఉచితం. ప్రతి ట్రయల్ కింద అది ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఏ డాక్టరు ఆధ్వర్యంలో జరుగుతోందో పట్టిక ఉంటుంది. గుంటూరు, విజయవాడ, మంగళగిరి పేర్లున్నవి ఏరుకుని, ఆ డాక్టర్లకు నాలుగు వాక్యాల ఉత్తరం రాస్తే చాలు. బయోడేటాతో పాటు మూడు నమూనాలు జతచేయాలి. ఒక ట్రయల్ గురించి 250 మాటల పత్రికా ప్రకటన, అదే విషయం మీద ఏడో తరగతి పిల్ల చదవగలిగే ఒక పేజీ కరపత్రం, నిమిషం వీడియోకు స్క్రిప్టు. ఈ మూడూ ఒకేలా ఉంటే ఆమెకు రాయడం ఇంకా పట్టుబడలేదని అర్థం.

జీతం మాట. ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో టెక్నికల్ సపోర్ట్ రెండో మెట్టుకు నెలకు 20 వేలు, మూడో మెట్టుకు 28 వేలు, దాని మీద ఇంటి అద్దె భత్యం. మూడో మెట్టుకు డిగ్రీ మీద మూడేళ్ల అనుభవమో, లేదా పీజీయో ఉండాలి. ప్రైవేటులో ఇంతకంటే తక్కువతోనే మొదలవుతుంది. ఆసుపత్రులకు కోఆర్డినేటర్లను సమకూర్చే సైట్ మేనేజ్‌మెంట్ సంస్థలు ఫ్రెషర్లను తీసుకుంటాయి. రెండేళ్లు సైటులో, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రిలో, గట్టిగా పనిచేస్తే హైదరాబాద్, బెంగళూరుల్లో ట్రయల్స్‌ను తనిఖీ చేసే మానిటర్ ఉద్యోగాలకు దారి ఉంటుంది, జీతం అక్కడే పెరుగుతుంది. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుందన్నది మాత్రం మీరు ముందే ఒప్పుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగంలా చూస్తే మీకు ప్రతి మార్చి నెలా గుండె దడే.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆమె వద్దంటే బలవంతం చేయకండి, ఈ దారిలో అది పెద్దగా పనికిరాదు. పీజీ మాత్రం మానొద్దు. ఏడాది, రెండేళ్లు పనిచేశాక ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) లేదా ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ). ఎంఎస్‌డబ్ల్యూకు నాగార్జున యూనివర్సిటీ ఇంటికి దగ్గర. ఎంపీహెచ్‌కు హైదరాబాద్ చూడాలి, బీఎస్సీ వాళ్లను తీసుకుంటారా లేదా అన్నది ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జర్నలిజం పీజీ ఒక్కటే చేస్తే ఆసుపత్రి వైపు రావడం కష్టం, అది తర్వాత డిప్లొమాగా చేసినా సరిపోతుంది.

వాళ్లమ్మగారి భయం సమంజసమే, దానికి ఇంటర్వ్యూలోనే జవాబు దొరుకుతుంది. ఫీల్డుకు ఇద్దరు కలిసి వెళ్తారా, వాహనం సంస్థదా సొంత స్కూటీయా, ఊరి సచివాలయానికీ ఏఎన్ఎంకూ ముందే ఉత్తరం వెళ్తుందా, తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ఉంటుందా అని అమ్మాయి చేతే అడిగించండి. పద్ధతిగా నడిచే విభాగం వీటికి తడుముకోకుండా చెబుతుంది. పెట్రోలు బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా అడగమనండి. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా నలిగేది అక్కడే.