సెక్షన్లు కలపాలా, సంతకాలు తగ్గించాలా?

ప్రశ్న: ఖర్చు తగ్గించడానికి మా విశ్వవిద్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ (ఉద్యోగుల వ్యవహారాలు), అకడమిక్, అకౌంట్స్ సెక్షన్లను, విభాగాల ఆఫీసులను ఒకే హాల్లోకి తెచ్చి సిబ్బందిని కలిపేయాలంటున్నారు. నివేదిక రాసే పని నాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సూపరింటెండెంట్

జవాబు: హాలు సంగతి చివర్న చూడండి. ముందు గత నెలలో ముగిసిన ఫైళ్లు ఒక వంద తీయండి. సెలవు మంజూరు, బిల్లులు, మైగ్రేషన్ సర్టిఫికెట్ వంటి రోజువారీవే తీయాలి. కోర్టు కేసులు, విచారణల లెక్క వేరు. ఏ ఫైలు ఏ టేబుల్‌కి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది అన్నది నోట్ ఫైల్లో (అధికారుల రాతలుండే భాగం) సంతకాల కింది తేదీలను బట్టి రాసుకుని, వచ్చిన కాగితాలు నమోదుచేసే ఇన్‌వార్డ్ రిజిస్టర్‌తో సరిచూడండి. ఏడు టేబుళ్లు తిరిగే ఫైలు ఒక్కోచోట రెండు రోజులు ఆగితే 14 పనిదినాలు. దాని మీద నిజంగా జరిగిన పని గంట కూడా ఉండకపోవచ్చు.

తర్వాత ప్రతి సంతకం దగ్గరా ఆగి, ఈ అధికారి ఇక్కడ ఏం పరిశీలిస్తున్నారో అడగండి. ‘పైకి సమర్పించడమైనది’ అని తప్ప ఏమీ రాయని దశలు తీసేయండి. తయారుచేసేవారు, సరిచూసేవారు, ఆమోదించేవారు ఉంటే మామూలు ఫైలుకు చాలు. డబ్బు విషయంలో మాత్రం బిల్లు తయారుచేసినవారే చెల్లింపు చేయకూడదు. సిబ్బందిని కలిపేటప్పుడు తరచూ జరిగే తప్పు ఇదే, ఆడిట్ అభ్యంతరం వచ్చేదాకా ఎవరికీ కనిపించదు. ఫైలు అసిస్టెంట్ రిజిస్ట్రార్ దగ్గరే ముగియాలంటే అధికారాల బదలాయింపు ఉత్తర్వు కావాలి. ఆర్థిక అధికారాలైతే పాలకమండలి తీర్మానం తీసుకోండి. నోటిమాటతో మొదలుపెడితే నెల తిరక్కుండానే ఫైళ్లన్నీ మళ్లీ రిజిస్ట్రార్ టేబుల్‌కే చేరతాయి.

విభాగాల ఆఫీసుల జోలికి తొందరపడి వెళ్లొద్దు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 2013లో విభాగాల్లో ఆర్థిక, ఉద్యోగుల వ్యవహారాలు చూసే సిబ్బందిని ఒకే కేంద్రానికి తరలించబోయింది. వెయ్యిమందికి పైగా అధ్యాపకులు నిరసన లేఖపై సంతకాలు చేయడంతో తరలింపు వాయిదా పడింది. వారి బాధలో న్యాయం ఉంది. ఏ ప్రాజెక్టు గ్రాంటు ఏ నెలలో ముగుస్తుందో, ఏ స్కాలర్ ఫెలోషిప్ ఎందుకు ఆగిందో విభాగంలో కూర్చునే గుమాస్తాకే తెలుసు. ఆ మనిషిని తీసుకెళ్తే ఆ పని ప్రొఫెసర్ నెత్తిన పడుతుంది. కలపాల్సినవి టపాలు, డెస్పాచ్ (బయటికి పంపే ఉత్తరాలు), స్టేషనరీ కొనుగోళ్లు, వాహనాలు. ఇవి ఎక్కడైనా ఒకే తీరు పనులు.

ఆదా లెక్క ఉన్నదున్నట్టు రాయండి. పర్మినెంటు ఉద్యోగి కుర్చీ మారినంత మాత్రాన జీతాల పద్దులో పైసా తగ్గదు. తగ్గేది పదవీ విరమణలతో ఖాళీ అయి ఇక అవసరం లేని పోస్టుల్లో, విడివిడి కొనుగోళ్లలో, అదనపు పనికి ఇచ్చే పారితోషికంలో. మొదటి ఏడాది స్కానింగుకు, శిక్షణకు ఖర్చు పెరుగుతుందని కూడా నివేదికలో చెప్పండి.

ప్రశ్న: ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక పని రెట్టింపయింది. కారణమేమిటి?
– ఒక జూనియర్ అసిస్టెంట్

జవాబు: తెరమీద నడిచే ఫైలుకే ప్రింటు తీసి సంతకాలకు తిప్పుతున్నారేమో చూడండి. ఒక తేదీ ఖరారు చేసి, ఆ రోజు నుంచి కొత్త ఫైలేదీ కాగితంమీద తెరవకూడదని ఉత్తర్వు ఇప్పించాలి. పాతవాటిలో మూడు నెలల్లో ముగిసేవి కాగితంమీదే ముగించి, మిగతావి మాత్రమే స్కాన్ చేయండి. అన్నీ స్కాన్ చేయబోతే ఆ పనే తెమలదు.

ప్రశ్న: సింగిల్ విండో పెట్టినా ట్రాన్‌స్క్రిప్టులకు విద్యార్థులు పరీక్షల విభాగం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.
– ఒక అనుబంధ కళాశాల ఉద్యోగి

జవాబు: కిటికీ వెనక రికార్డు లేకపోతే అది ఇంకో టేబులే. పాత బ్యాచ్‌ల మార్కులు ఇంకా టాబ్యులేషన్ రిజిస్టర్లలోనే (మార్కులు నమోదుచేసిన పుస్తకాలు) ఉంటే వాటిని ఏడాదివారీగా స్కాన్ చేయించి, హాల్‌టికెట్ నంబరుతో సూచిక తయారుచేయాలి. ఎక్కువ దరఖాస్తులొచ్చే బ్యాచ్‌లు ముందు. విదేశీ విశ్వవిద్యాలయాల గడువులు దగ్గరపడే నెలల్లో ఇక్కడ రద్దీ పెరుగుతుంది కాబట్టి అంతకుముందే పూర్తి చేయండి. పదో తరగతి మెమోలోని పేరుతో అక్షరం తేడా ఉన్న దరఖాస్తులను కౌంటర్లోనే పట్టుకోవాలి. లోపలికి పంపాక పట్టుకుంటే దరఖాస్తు మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.